పదమూడో రీఛార్జి

కిందటి వేసవి సెలవుల్లో మా అమ్మాయికి లెక్కల టీచర్ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఇంట్లో నెలనెలా పెట్టే ఖర్చు ఏదో ఒకటి తీసుకుని, ఏడాదికి ఎంతవుతుందో లెక్క కట్టి, అందులో ఎంత శాతం తగ్గించవచ్చో రాసుకురావాలి. సెలవులన్నీ అయిపోయి, బడి తెరవడానికి నాలుగు రోజులుందనగా ఆ కాగితం బ్యాగులోంచి బయటపడింది. తోటి తల్లిదండ్రులకు ఇందులో కొత్తేమీ లేదని నాకు తెలుసు.

కరెంటు బిల్లు తీసుకుందామంటే పాత బిల్లులు దొరకలేదు. పాల లెక్క వాళ్లమ్మ ఇవ్వనంది. చివరికి నా ఫోన్లో పేమెంట్ల చిట్టా తెరిచి, "ఫోన్ ఖర్చు రాసుకో, పది నిమిషాల్లో అయిపోతుంది" అన్నాను.

మా ఇంటికి సిమ్‌లు అయిదు. నాది 28 రోజులకు 299. మా ఆవిడది 349. వరగలిలో ఉండే మా అమ్మది 299. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో మా కొట్టు బోర్డు మీద రాసిన నంబరు ఒకటుంది, దానికి 199. 2020లో ఆన్‌లైన్ క్లాసులకని పిల్లలకు కొన్న ఫోన్లో ఇంకొకటి, దానికీ 299. అన్నీ కలిపితే 1,445. నేను గబగబా పన్నెండుతో హెచ్చవేసి, "17,340, రాసెయ్" అన్నాను.

"పన్నెండు కాదు డాడీ, పదమూడు" అంది.

చిట్టాలో తేదీలు చూపించింది. 28 రోజులంటే నెల కాదు, నాలుగు వారాలు. 365ను 28తో భాగిస్తే 13 వస్తుంది. సంవత్సరానికి పన్నెండు నెలలే అయినా మేం పదమూడు రీఛార్జిలు చేస్తున్నాం. అంటే 18,785. దీనికి ఇంట్లో వైఫై నెలకు 499, పైన 18 శాతం జీఎస్టీ, వెరసి 589 చొప్పున ఏడాదికి 7,068. మొత్తం 25,853 రూపాయలు.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఆ అంకె రెండుసార్లు చదివింది. "టర్మ్ ఫీజు కట్టేటప్పుడు వారం రోజులు మొహం మాడ్చుకుని తిరుగుతారు. ఇదెప్పుడు కట్టారో మీకే తెలీదు" అంది.

నిజమే. ఫీజు ఒకేసారి వస్తుంది కాబట్టి కనిపిస్తుంది. ఇది మూడు వందలు, మూడు వందలుగా, ఎవరి తేదీన వాళ్లది, టీ తాగుతూ వేలితో నొక్కితే పోతుంది.

మా నాన్న కాలంలో ఫోను ఖర్చు ఇలా తెలియకుండా పోయే వీలే లేదు. తొంభైల్లో చిల్లకూరులో మా ఇంటికి ఫోను వచ్చింది. నల్లటి డయల్ ఫోను. బిల్లు రెండు నెలలకోసారి వచ్చేది. ఆ కాగితం వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వేవాళ్లు కాదు. మద్రాసు మార్కెట్లో నిమ్మకాయల ధర కనుక్కోవడానికి నాన్న పొద్దున ఒక్క ఎస్టీడీ చేసేవాడు. అవతల మనిషికి ముందే అలవాటు చేశాడు, పలకరింపులు ఉండవు, ధర చెప్పి పెట్టేయడమే. చుట్టాలతో మాట్లాడాలంటే మాత్రం రాత్రి బాగా పొద్దుపోవాలి. అప్పుడు పావు రేటు. మా చిన్నత్త పెళ్లి సంబంధం అటూ ఇటూ మాట్లాడుకుని ఖాయం చేసుకుంది అలాంటి వేళల్లోనే. పిల్లలం చాపల మీద నిద్ర నటిస్తూ అంతా విన్నాం.

ఇంతా చేసి, పగలు మేం ముట్టుకుంటామని నాన్న డయల్ చక్రానికి చిన్న తాళం వేసేవాడు. ఈ మాట చెబితే మా పిల్లలు నమ్మలేదు. ఫోనుకు తాళమా అని. నెట్‌లో బొమ్మ వెతికి చూపించాల్సి వచ్చింది. మా తమ్ముడు ఆ తాళాన్నీ గెలిచాడు. రిసీవరు ఆనించే బొత్తాన్ని వేలితో టకటకా మూడుసార్లు కొడితే మూడు పడేది, అయిదుసార్లు కొడితే అయిదు. తాళం తీయకుండానే స్నేహితుడి నంబరంతా అలా కొట్టేవాడు. రెండు నెలల తర్వాత బిల్లు వచ్చాక వాడి వీపు మీదా అన్నే దెబ్బలు పడ్డాయి.

సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తల్లో ఎత్తినా డబ్బులే, చేసినా డబ్బులే. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. ఆ రోజు నుంచే మన దేశంలో మిస్డ్ కాల్ అనే భాష పుట్టిందని నా అభిప్రాయం. మా ఇంట్లో దానికి వ్యాకరణం కూడా ఉండేది. ఒక్క రింగిచ్చి పెట్టేస్తే క్షేమంగా చేరాం అని. రెండుసార్లు చేస్తే నువ్వు చెయ్యి, మాట్లాడాలి అని. తడ దాటి తమిళనాడు టవరు పట్టుకుందంటే రోమింగ్ పడుతుందని, నాన్న మద్రాసు వెళ్లేటప్పుడు సూళ్లూరుపేట దాటగానే ఫోను ఆపేసేవాడు. తర్వాత ఒక్కొక్కటే మారాయి. 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అంది. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక నిమిషాలు లెక్కపెట్టడం అనే పనే పోయింది.

పోయింది మాకే, మా అమ్మకు పోలేదు. నాన్న వెళ్లిపోయాక ఆమె తన పుట్టిన ఊరు వరగలిలోనే ఉంటోంది. రెండు ఎనుములు, ఇంటి చుట్టూ నాలుగు చెట్లు. ఎన్నిసార్లు పిలిచినా చిల్లకూరు రాదు. చేతిలో బొత్తాల ఫోను. రాత్రి ఎనిమిదికి ఒక్క రింగిస్తుంది. అన్నం తిన్నాను, బాగుండాను అని దానర్థం. నేను తిరిగి చేస్తే, "బిల్లు అయిపోతా ఉండాది, పెట్టెయ్ నాయనా" అంటుంది. కాల్స్ ఉచితమని వందసార్లు చెప్పాను. ఊరికే ఎవడిస్తాడురా అంటుంది. ఆలోచిస్తే ఆమె మాటే కరెక్టు. బొత్తాల ఫోనుకు రోజువారీ డేటా కోసం నేను ఏడాదికి 3,887 రూపాయలు కడుతున్నాను. ఆ డేటాలో ఆమె ఒక్క చుక్క కూడా వాడలేదు, వాడలేదు కూడా.

ప్రాజెక్టు మొదలుపెట్టింది అక్కడే. 2024 డిసెంబరు 23న ట్రాయ్ తన వినియోగదారుల రక్షణ నిబంధనలను సవరించి, డేటా అక్కర్లేని వాళ్లకు కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్ ప్రతి కంపెనీ ఇవ్వాలంది. అలాంటి ప్యాక్ గడువు 365 రోజుల వరకు ఉండొచ్చంది. 2025 జనవరిలో కంపెనీలు వాటిని తెచ్చాయి. ఒకరిది 84 రోజులకు 469, 365 రోజులకు 1,849. ఇంకొకరిది 84 రోజులకు 448, 336 రోజులకు 1,748. మీరు చదివేనాటికి ఈ ధరలు మారి ఉండొచ్చు, చూసుకోండి. ఒక్క సలహా: యాప్ తెరవగానే పైన కనిపించేవి ఇవి కావు. బాగా కిందికి జరుపుకుంటూ పోవాలి. అలాగే 30 రోజుల ప్యాక్, ప్రతి నెలా అదే తేదీకి వేసుకునే ప్యాక్ కనీసం ఒక్కొక్కటి ఉంచాలని 2022 జనవరిలోనే ట్రాయ్ ఆదేశించింది. అవీ ఉన్నాయి. మనం అడగం, వాళ్లు చెప్పరు.

మా అమ్మాయి పట్టీ ఇలా వచ్చింది. అవ్వకు ఏడాది కాల్స్ ప్యాక్ 1,849 వేస్తే 2,038 మిగులు. పిల్లల ఫోను ఇంట్లో వైఫైతోనే నడుస్తుంది, బయటికి తీసుకెళ్లం, కాబట్టి దానికి రీఛార్జే వద్దు, 3,887 మిగులు. నా 28 రోజుల 299 బదులు 84 రోజుల 799 వేసుకుంటే ఏడాదికి నాలుగు వందల పైచిలుకు. వాళ్లమ్మ ప్యాక్ జోలికి వెళ్లకూడదని వాళ్లమ్మే తీర్పు చెప్పింది. కొట్టు నంబరు వదిలేద్దామంటే నాకే చేతులు రాలేదు, రైతులందరి దగ్గరా అదే ఉంది. మొత్తం మీద 6,350 దాకా తగ్గుతుందని తేల్చి, పాతిక శాతానికి కాస్త తక్కువ అని రాసుకెళ్లింది. టీచర్ చాలా బాగుందన్నారట.

కాగితం మీద సులువే. పిల్లల ఫోన్లో సిమ్ ఆపేద్దామని కూర్చుంటే, ఆ నంబరు ఎక్కడెక్కడ ఇచ్చామో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. అబ్బాయి ఆధార్‌కు అదే. గ్యాస్ బుకింగ్‌కు అదే. స్కూల్లో అడ్మిషన్ ఫారం మీదా అదే. పిల్లవాడు బడికి రాకపోతే వచ్చే మెసేజి ఇన్నాళ్లూ ఆ ఫోనుకే వెళుతోంది. వాడని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ తొంభై రోజుల తర్వాత రద్దు చేయొచ్చు. ఆ తర్వాత దాన్ని వేరెవరికో ఇస్తారు. మన ఓటీపీలు, మన పిల్లల మెసేజీలు ఆ ముక్కూ మొహం తెలియని మనిషికి పోతాయి. అందుకని ముందు స్కూలు ఆఫీసులో నంబరు మార్పించాను. తర్వాత బ్యాంకు, గ్యాస్, ఆధార్. నెల పట్టింది. ఆ తర్వాతే సిమ్ ఆపాం.

ఆ సందర్భంలోనే ఇంకొకటి బయటపడింది. సంచార్ సాథీ అని కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైటు ఉంది, 2023 మేలో మొదలైంది. అందులో మన నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే, మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది. ఒక్కరి పేరు మీద తొమ్మిది వరకు ఉండొచ్చు. నా పేరు మీద నాకు తెలియనిది ఒకటి కనిపించింది. ఆరా తీస్తే మా బావమరిది చదువుకునే రోజుల్లో నా కార్డు జిరాక్స్ ఇచ్చి తీసుకున్నది. వాడిప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ సిమ్ ఏ సొరుగులో ఉందో వాడికే తెలీదు. నాది కాదని అక్కడే నొక్కాను. దీనివల్ల పైసా మిగల్లేదు కానీ ఆ రాత్రి నిద్ర మాత్రం బాగా పట్టింది.

ఇక అమ్మ ఫోను. ఇవన్నీ సర్దుకునేసరికి వినాయక చవితి వచ్చింది. పండక్కి వరగలి వెళ్లి ఆమె ఫోనుకు ప్యాక్ వేద్దామని కూర్చున్నాను. మా అమ్మాయి పట్టీలో 1,849 అని ఉంది. ఒకేసారి అంత అంటే నాకు వేలు ఆగింది. ముందు 84 రోజులది 469 వేసి చూద్దాం, బాగుంటే తర్వాత ఏడాదిది వేద్దాం అనుకున్నాను. లెక్క కడితే 84 రోజులదే ఏడాదికి నూట తొంభై రూపాయలు ఎక్కువ పడుతుంది. అయినా చేతికి చిన్న అంకే ముద్దొచ్చింది. పాతికవేల లెక్క చూసి కూడా నేను మారలేదన్నమాట.

ఆగస్టు 27 నుంచి 84 రోజులంటే నవంబరు 18. ఆ తేదీ నేనెక్కడా రాసుకోలేదు. గడువు అయిపోతోందని మెసేజి వస్తుంది కదా అనుకున్నాను. వస్తుంది, కానీ గడువు అయిపోతున్న ఫోనుకే వస్తుంది. మా అమ్మకు ఇంగ్లీషు మెసేజి చదవడం రాదు. అసలు మెసేజి తెరవడమే రాదు.

మన తీరంలో నవంబరు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ముసురు పట్టింది. మొదటి రాత్రి ఎనిమిదికి రింగు రాలేదు. వానకు కరెంటు పోయి ఉంటుంది, టవరు పని చేయడం లేదేమో అనుకున్నాను. రెండో రాత్రీ రాలేదు. తొందరగా పడుకుని ఉంటుందిలే అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఆమె రింగివ్వడం, నేను చూసి ఊరుకోవడం. నేను ముందుగా చేయడం అనేది ఆ వ్యాకరణంలో లేదు. మూడో రోజు పొద్దున పక్కింటి కుర్రాడు తడిసిపోయి కొట్టు దగ్గరికి వచ్చాడు.

"అవ్వకు మూడు రోజుల్నించి జరం మామా. ఫోను చెడిపోయిందంట. నీకు చెప్పబాకండి, వానలో బండేసుకుని వస్తాడు అనింది. మా అమ్మే నన్ను పంపించింది."

ఫోను చెడిపోలేదు. నంబరు నొక్కినప్పుడల్లా ఎవరో ఆడమనిషి ఏదో చెబుతోందని, అది మిషను తప్పనుకుని అమ్మ దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టేసింది. అవుట్‌గోయింగ్ ఆగింది కానీ ఇన్‌కమింగ్ ఆ మూడు రోజులూ ఉంది. ఆ సంగతి దారిలో తెలిసింది. కారులోంచి ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తింది.

గూడూరులో ఆస్పత్రిలో చేర్చాం. రెండు రోజులు సెలైన్ పెట్టారు, తగ్గింది. ఆ బెంచీ మీద కూర్చునే ఏడాది ప్యాక్ వేశాను. ఈసారి వేలు ఆగలేదు.

పడుకున్న మనిషికి చెప్పాను, "ఏడాదికంతా కట్టేశానమ్మా. ఎంతసేపు మాట్లాడినా పైసా పడదు. ఇంక రింగిచ్చి పెట్టేయొద్దు."

"కొత్తగా కట్టావా?"

"లేదమ్మా. ముందు నుంచీ అంతే. ఎంత మాట్లాడినా ఒకటే."

కాసేపు ఆలోచించింది. "అట్టయితే నువ్వెందుకురా నాయనా ఒక్క నిమిషంలో పెట్టేస్తావు?" అంది.

పక్కన మా ఆవిడ ఉంది, పిల్లలున్నారు. నేను సెలైన్ సీసా ఎంత అయిందో చూడ్డానికి లేచాను.

ఇప్పుడు ఏర్పాటు ఇలా ఉంది. అందరి ప్యాక్‌ల గడువు తేదీలూ వంటింటి క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాసి ఉన్నాయి. అమ్మ నంబరును నా ఫోన్లో కంపెనీ యాప్‌లో కలిపాను. ఆమె గడువు ఇప్పుడు నాకే కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఫోను విడిగా ఉన్నవాళ్లు ఈ ఒక్కటీ చేయండి, అయిదు నిమిషాల పని. ఏడాది ప్యాక్ వేసింది ఆస్పత్రిలో కాబట్టి, గడువు మళ్లీ నవంబరులోనే, సరిగ్గా ముసురు రోజుల్లోనే వస్తుంది. అందుకని మా అమ్మాయి దసరా సెలవుల దగ్గర "అవ్వ రీఛార్జి" అని ముందే రాసింది. అప్పుడెలాగూ వరగలి వెళతాం.

కొట్టు నంబరుకు 199 ఇంకా కడుతూనే ఉన్నాను. బోర్డు మళ్లీ రాయించాలంటే ఎంతవుతుందో కనుక్కున్నాను. రెండేళ్ల రీఛార్జి కంటే తక్కువే. పెయింటరు ఉగాది తర్వాత వస్తానన్నాడు.

రాత్రి ఎనిమిదికి అమ్మ ఇప్పటికీ ఒక్క రింగిచ్చి పెట్టేస్తుంది. అలవాటు. నా ఫోను మా అమ్మాయి లాక్కుని తిరిగి చేస్తుంది. నిన్న నలభై రెండు నిమిషాలు. ఎనుము ఈనిందట, దూడకు పేరు కుదరడం లేదట.